తల్లికణం పెట్టిన సారె

వానలు వెనకబట్టి దోమలు పెరిగే రోజుల్లో హైదరాబాదైనా, విజయవాడైనా, ఖమ్మమైనా ఆస్పత్రి వరండాలో వినిపించే ప్రశ్న ఒకటే: "ప్లేట్‌లెట్లు ఎంతకి పడ్డాయి?" నిన్న 1,10,000. ఇవాళ 70,000. రేపెంతో! ఇంటిల్లిపాదీ ఆ అంకెనే పట్టుకుని కూర్చుంటారు. బొప్పాయి ఆకు రసం తాగిస్తారు. వాట్సాప్ గ్రూపుల్లో "ప్లేట్‌లెట్ల దాత అర్జెంటుగా కావాలి" అని వేడుకుంటారు. ఒకప్పుడు డాక్టర్లకూ ల్యాబు వాళ్ళకూ తప్ప ఎవరికీ తెలియని మాట ఇప్పుడు ఇంటింటా నలుగుతోంది. డెంగీ మనకు బలవంతంగా నేర్పిన పాఠం అది.

అయితే ఆ పాఠంలో మనం సగమే చదివాం. ఒక మైక్రోలీటరు రక్తంలో 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ప్లేట్‌లెట్లు ఉంటే మామూలు లెక్క. 2.5 లక్షలున్న మనిషికి రక్తం ఆగడంలో ఏ ఇబ్బందీ రాకూడదు. అయినా కొందరికి వస్తుంది. పన్ను పీకించుకుంటే రెండు రోజులైనా దూది తడుస్తూనే ఉంటుంది. మంచం కోడు తగిలితే చాలు, కమిలిన మచ్చ అరచేయంత అవుతుంది. నెలసరి వస్తే వారం దాటినా రక్తం ఆగని ఆడపిల్లలుంటారు. పరీక్ష చేయిస్తే కాగితం మీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది. "మీకేం లేదమ్మా, కౌంటు బాగానే ఉంది" అని పంపేస్తారు. వాళ్ళ ప్లేట్‌లెట్లు లెక్కకు సరిపడా ఉన్నాయి. కాని వాళ్ళలో కొందరికి అవి ఒట్టి చేతులతో ఉన్నాయి. వాటి లోపల ఉండాల్సిన చిన్న చిన్న సంచులు లేవు, లేదా సంచుల్లో సరుకు లేదు. ఆ సంచుల సంగతే ఈ అధ్యాయం.

ముందు ప్లేట్‌లెట్ ఎలాంటిదో చూద్దాం. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో రెండు మూడు భాగాలంత ఉంటుంది దీని అడ్డుకొలత. 1882లో ఇటలీలోని టూరిన్ నగరంలో జూలియో బిజ్జొజెరో అనే వైద్యశాస్త్రవేత్త, బతికున్న జంతువుల పేగుపొరలోని సన్నని రక్తనాళాలను సూక్ష్మదర్శిని కింద పరిచి గంటల తరబడి చూశాడు. నాళానికి గాయం చేస్తే అందరికంటే ముందు అక్కడికి చేరి అతుక్కునేవి ఈ చిన్న పలకలేనని ఆయనే తేల్చాడు. ఇవి ఎక్కడ పుడతాయన్నది మాత్రం మరో పాతికేళ్ళకు గాని తెలియలేదు. 1906లో అమెరికాలోని బోస్టన్‌లో జేమ్స్ హోమర్ రైట్ ఆ ముడి విప్పాడు. ఎముక మూలుగలో మెగాకార్యోసైట్ అనే పెద్ద కణం ఒకటుంది. ప్లేట్‌లెట్లు దాని తునకలు. ఆ కణానికీ ప్లేట్‌లెట్‌కూ ఒకే రకంగా రంగు పట్టడం చూసి రైట్ వాటి తల్లీబిడ్డల సంబంధం గుర్తుపట్టాడు. ఆ రంగు ద్రావణం ఆయన సొంతంగా తయారుచేసుకున్నదే. ఇవాళ్టికీ మన ఊళ్ళ ల్యాబుల్లో రక్తపు స్లైడుకు పూసే రంగుల్లో "రైట్ స్టెయిన్" ఒకటి. ఈ రంగు మళ్ళీ మన కథలోకి వస్తుంది.

మూలుగలో కూర్చున్న ఆ తల్లికణం తన ఒంటినే పొడుగాటి చేతుల్లా సాగదీసి, రక్తనాళపు గోడ సందుల్లోంచి లోపలికి చాపుతుంది. రక్తప్రవాహం తాకిడికి ఆ చేతుల కొసలు తెగి ప్లేట్‌లెట్లుగా కొట్టుకుపోతాయి. ఒక్కో తల్లికణం వేల సంఖ్యలో ప్లేట్‌లెట్లను వదులుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో రోజుకు సుమారు 10,000 కోట్లు పుడతాయి. పుట్టినవి 7 నుంచి 10 రోజులు బతుకుతాయి.

తల్లి నుంచి విడిపోయేటప్పుడు ప్లేట్‌లెట్‌కు కేంద్రకం రాదు. కేంద్రకం లేదంటే జన్యువుల పుస్తకం లేదన్నమాటే. తల్లి దగ్గర్నుంచి వెంట వచ్చిన కాసిని ఆర్‌ఎన్‌ఏ పోగులతో చిల్లర పనులేవో చేసుకుంటుంది తప్ప, కావాల్సినప్పుడు కావాల్సిన ప్రొటీన్ వండుకునే వీలు దానికి లేదు. మరి గాయం దగ్గర క్షణాల్లో వాడాల్సిన సరుకంతా ఎక్కడి నుంచి రావాలి? తల్లే సర్దిపెట్టాలి. మన ఇళ్ళల్లో ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు అరిసెలు, చలిమిడి, పసుపు కుంకుమ, చీర, గిన్నెలు చెంబులు వేటికవి మూటకట్టి సారె పెడతాం చూడండి, మెగాకార్యోసైట్ చేసేదీ అదే. ప్రొటీన్లు తయారుచేసి, కొన్నిటిని చుట్టూ ఉన్న రక్తంలోంచి ఏరి తెచ్చి, పొరలున్న సంచుల్లో కట్టి, చాచిన చేతుల్లోని సన్నని పట్టాల మీదుగా కొసలకు చేరవేస్తుంది. కొస తెగి ప్లేట్‌లెట్ అయ్యేసరికి సంచులు లోపల సిద్ధంగా ఉంటాయి. శాస్త్రవేత్తలు వీటిని నిల్వ రేణువులు అంటారు.

ఇవి ముఖ్యంగా రెండు రకాలు. ఆల్ఫా రేణువులు ఒక్కో ప్లేట్‌లెట్‌లో 50 నుంచి 80 దాకా ఉంటాయి. వీటి నిండా ప్రొటీన్లే, 300 రకాలకు పైగా. రెండో రకం సాంద్ర రేణువులు. ఇవి 3 నుంచి 8 మాత్రమే. ఇవి ఆల్ఫా రేణువులకంటే చిన్నవి. వీటిలో ఉండేవి ప్రొటీన్లు కావు, చిన్న అణువులు: ఏడీపీ, ఏటీపీ, సెరొటోనిన్, కాల్షియం, ఇంకా పాలీఫాస్ఫేట్ అనే ఫాస్ఫేట్ గొలుసులు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఏ రంగూ పూయకుండానే ఇవి నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. లోపల కాల్షియం అంత చిక్కగా కూరి ఉంటుంది మరి. సాంద్ర అనే పేరు అందుకే వచ్చింది. చెత్తను జీర్ణం చేసే లైసోసోములు కూడా కొన్ని ఉంటాయి గాని, వాటి పాత్ర చిన్నది.

ఇప్పుడు వంటింట్లోకి వెళ్దాం. కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతుంటే వేలు తెగింది. రక్తం బొటబొటా కారింది. వేలు నోట్లో పెట్టుకునో, పసుపు అద్దుకునో, కొళాయి కింద పెట్టుకునో ఉంటాం. నాలుగైదు నిమిషాల్లో రక్తం ఆగుతుంది. ఆ కాస్త వ్యవధిలో లోపల జరిగింది ఇది.

నాళం లోపలి గోడ తెగగానే కింద దాగి ఉన్న కొలాజెన్ బయటపడుతుంది. దాని మీద వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ అనే పొడవాటి ప్రొటీన్ పరుచుకుంటుంది. దూసుకుపోతున్న ప్లేట్‌లెట్లలో కొన్ని దాన్ని పట్టుకుని నిలదొక్కుకుంటాయి. నిలిచిన ప్లేట్‌లెట్ లోపల కాల్షియం ఒక్కసారిగా ఎగుస్తుంది. పలకలా ఉన్నది ముళ్ళకాయలా మారి కాళ్ళు చాపుతుంది. సంచులు దాని పైపొరకూ, పైనుంచి లోపలికి చొచ్చుకుపోయిన కాలవల గోడలకూ అతుక్కుని నోరు తెరుస్తాయి. ముందు ఖాళీ అయ్యేవి సాంద్ర రేణువులు, ఆ వెనక ఆల్ఫా రేణువులు.

ఈ వరస నాకు ఎంతో ఆశ్చర్యం కలిగిస్తుంది. గోడకు అతుక్కున్న మొదటి ప్లేట్‌లెట్లు కొన్నే. వాటితో కన్నం పూడదు. పక్కనుంచి వెళ్ళిపోతున్నవాటిని పిలవాలి. ఆ పిలుపే ఏడీపీ. సాంద్ర రేణువులో ఏడీపీ ఎంత చిక్కగా ఉంటుందంటే, ఒక ప్లేట్‌లెట్‌ను మేల్కొలపడానికి కావాల్సిన మోతాదుకు అది రమారమి లక్ష రెట్లు. సంచి తెరుచుకోగానే చుట్టుపక్కల ఏడీపీ గుప్పుమంటుంది. దారినపోయే ప్లేట్‌లెట్ల మీద ఏడీపీని పట్టుకునే గ్రాహకాలు రెండు రకాలున్నాయి. పీ2వై1 వాటిని మేల్కొలుపుతుంది, పీ2వై12 ఆ మెలకువను నిలబెడుతుంది. మేలుకున్న ప్లేట్‌లెట్ తన సంచులు తాను తెరుస్తుంది, అది ఇంకొందరిని పిలుస్తుంది. ఇలా పిలుపు మీద పిలుపుగా గుంపు చేరి కన్నం పూడుతుంది. మరి ఈ పిలుపు ఒళ్ళంతా పాకి రక్తం మొత్తం గడ్డకట్టకూడదు కదా? దానికీ ఏర్పాటు ఉంది. గాయం లేని నాళపు గోడ మీద ఏడీపీని విరగ్గొట్టే ఎంజైము ఒకటి కాపలా ఉంటుంది. పిలుపు గాయం దాటి పోదు.

ఏడీపీ పాత్ర తెలిసిన తీరు కూడా చెప్పుకోదగ్గది. 1960లో నార్వేలో హెల్లెమ్ అనే పరిశోధకుడు, ప్లేట్‌లెట్లను అంటుకునేలా చేసే పదార్థమేదో ఎర్రకణాల నుంచి వస్తోందని గమనించాడు. మరుసటి ఏడాదే ఓస్లో బృందం అది ఏడీపీ అని తేల్చింది. 1962లో లండన్‌లో గుస్టావ్ బోర్న్ దీన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఆయన భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మాక్స్ బోర్న్ కొడుకు. ప్లేట్‌లెట్లు నిండిన ప్లాస్మా మజ్జిగ తేటలా మసగ్గా ఉంటుంది. దానిలోంచి వెలుతురు పంపి, ఏడీపీ వేసి, ప్లేట్‌లెట్లు గుంపుకట్టే కొద్దీ ఆ తేట ఎంత తేరుకుంటోందో కొలవడమే ఆయన చేసింది. ఇంత సులువైన పరికరంతోనే ఇప్పటికీ ప్రపంచమంతటా ప్లేట్‌లెట్ల పనితనాన్ని పరీక్షిస్తున్నారు.

ఏడీపీ, ఏటీపీ అన్నాం కదా. ఈ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలో కనుగొన్నవాడు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. ఏటీపీ అంటే కణానికి రోజువారీ ఖర్చుకు డబ్బులాంటిదని బడిపిల్లలకూ తెలుసు. ప్లేట్‌లెట్‌లో మాత్రం దాని తీరు వేరు. నార్వే శాస్త్రవేత్త హోల్మ్‌సెన్ పరిశోధనల వల్ల తేలిందేమంటే, ప్లేట్‌లెట్‌లోని ఈ అణువుల్లో సగానికి పైగా సంచుల్లో బిగించి ఉంటాయి. రోజువారీ ఖర్చుకు ప్లేట్‌లెట్ వాటిని ముట్టుకోదు. కణం ఆకలితో అలమటించినా ఆ మూట విప్పదు. ఖర్చు ఖాతాలో ఏటీపీ ఎక్కువ, ఏడీపీ తక్కువ. మూటలో ఏడీపీయే ఎక్కువ. ఒకే అణువు ఒకచోట శక్తి, మరోచోట కబురు.

గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్ళు మన బంధువుల్లో ఎవరో ఒకరుంటారు. వాళ్ళకు రాసే క్లోపిడోగ్రెల్ మాత్ర చేసే పని ఈ పీ2వై12 గ్రాహకాన్ని మూసేయడం. సంచి తెరుచుకుంటుంది, పిలుపు బయటికొస్తుంది, కాని పక్క ప్లేట్‌లెట్‌కు అది సరిగా వినపడదు. స్టెంటు మీద గడ్డ కట్టకుండా ఉండేది అందువల్లే. మూసుకున్న గ్రాహకం మళ్ళీ తెరుచుకోదు. కొత్తది తయారుచేసుకోవడానికి ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు. అందుకే ఆపరేషన్‌కు అయిదు రోజుల ముందే ఈ మాత్ర ఆపమంటారు. ఆలోగా మూలుగ కొత్త ప్లేట్‌లెట్లను పంపాలి. డాక్టరు చెప్పకుండా సొంతంగా ఆపితే మాత్రం ప్రాణం మీదికి రావచ్చు.

సాంద్ర రేణువుల్లో మరో సరుకు సెరొటోనిన్. ఈ పేరు వినగానే చాలామంది మెదడు, మనసు, దిగులు అనుకుంటారు. నిజానికి ఆ పేరే రక్తం నుంచి వచ్చింది. రక్తం గడ్డకట్టాక మిగిలే సీరంలో నాళాలను బిగించే పదార్థం ఏదో ఉందని ఎప్పటి నుంచో తెలుసు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మారిస్ రాపొర్ట్, ఆర్డా గ్రీన్, ఇర్విన్ పేజ్ పశువుల సీరం నుంచి దాన్ని వేరుచేసి, సీరంలో దొరికి నాళాన్ని బిగించేది గనుక సెరొటోనిన్ అన్నారు. ఇటలీలో విట్టోరియో ఎర్స్‌పామర్ అంతకు ముందే పేగుల్లో కనిపెట్టి ఎంటెరమిన్ అని పేరు పెట్టుకున్నదీ ఇదేనని తరవాత తేలింది. రెండు ఆచూకీలూ సరైనవే. ఒంట్లోని సెరొటోనిన్‌లో సింహభాగం పేగు గోడలోని కణాలే తయారుచేస్తాయి. ప్లేట్‌లెట్ దాన్ని తయారుచేయలేదు. పేగు దగ్గర నుంచి వెళ్తూ పీల్చుకుని సంచుల్లో నింపుకుంటుంది. అంటే ఈ ఒక్క సరుకు పుట్టింటిది కాదు, దారిలో కూడబెట్టుకున్నది. రక్తంలో ఉండే సెరొటోనిన్ దాదాపు అంతా ప్లేట్‌లెట్ల సంచుల్లోనే ఉంటుంది. గాయం దగ్గర బయటపడి నాళాన్ని ముడుచుకునేలా చేస్తుంది, ఏడీపీ పిలుపుకు గొంతు కలుపుతుంది.

మన నేల మీద పెరిగే సర్పగంధి వేరుకు ఇక్కడ ఒక పాత్ర ఉంది. ఆ వేరు నుంచి 1952లో వేరుచేసిన రిసెర్పిన్ రక్తపోటుకు మందుగా ప్రపంచమంతా పాకింది. అది ఇచ్చిన జంతువుల ప్లేట్‌లెట్లలో సెరొటోనిన్ ఖాళీ అయిపోవడం పరిశోధకులు గమనించారు. సంచిలోకి సెరొటోనిన్‌ను తోడే పంపును రిసెర్పిన్ మూసేస్తుంది. ఇవాళ దిగులుకు వాడే చాలా మాత్రలు మరో పంపును మూస్తాయి. అది రక్తంలోంచి ప్లేట్‌లెట్‌లోకి సెరొటోనిన్‌ను తోడేది. మెదడు కణాల మీద ఉండేదీ అదే పంపు. అందుకే ఆ మాత్రలు వాడేవాళ్ళలో రక్తస్రావం ముప్పు కొద్దిగా పెరుగుతుంది, ముఖ్యంగా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి తోడైతే. మాత్ర మానేయాల్సినంత ముప్పు కాదు, డాక్టరుకు చెప్పాల్సినంత విషయం.

ఇక ఆల్ఫా రేణువులు. కన్నం పూడ్చాక గోడ కట్టాలి, చుట్టూ శుభ్రం చేయాలి, కొత్త చర్మం పెరగాలి. వీటిలో ఉన్న సరుకు ఆ పనులన్నిటికీ పనికొస్తుంది. గడ్డను వలలా అల్లే ఫైబ్రినోజెన్, గడ్డకట్టే వరసలోని ఫ్యాక్టర్ 5, అంటించే వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ ఇందులో ఉంటాయి. వీటిలో మొదటి రెండూ మూలుగలో తయారైనవి కావు. కాలేయం తయారుచేసి రక్తంలో వదిలినవాటిని తల్లికణం ఏరి తెచ్చి కట్టినవి. రక్తంలోని ఫ్యాక్టర్ 5లో అయిదో వంతు ప్లేట్‌లెట్ల సంచుల్లోనే ఉంటుంది. సంచి పొరకూ ఒక పని ఉంది. లోపలి వైపు అమర్చిన పీ-సెలెక్టిన్ అనే ప్రొటీన్, సంచి తెరుచుకోగానే ప్లేట్‌లెట్ ఒంటి మీద కొక్కెంలా నిలుస్తుంది. తెల్లకణాలు దాన్ని పట్టుకుని గాయం దగ్గర ఆగుతాయి. సూక్ష్మక్రిములతో పోరు అక్కడ మొదలవుతుంది.

గాయం మానడంలో వీటి పాత్ర బయటపడింది ఒక చిక్కుప్రశ్న వల్ల. ప్రయోగశాలలో కణాలను పెంచాలంటే పాత్రలో సీరం పోయాలి. ప్లాస్మా పోస్తే అంతగా పెరగవు. రెండూ రక్తపు ద్రవాలే. ఒకటి గడ్డకట్టాక వచ్చింది, ఇంకోటి గడ్డకట్టనీయకుండా తీసింది, అంతే తేడా. 1974లో అమెరికాలోని సియాటిల్‌లో రసెల్ రాస్ బృందం దీన్ని పట్టుకుంది. ధమనుల కండరకణాలకు ప్లేట్‌లెట్లు తీసేసిన ప్లాస్మా నుంచి చేసిన సీరం పోస్తే అవి పెరగలేదు. దానికి ప్లేట్‌లెట్ల సారం కలిపితే పెరిగాయి. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్ల సంచుల్లోంచి కారినదేదో సీరంలో ఉందన్నమాట. దానికి ప్లేట్‌లెట్ జనిత వృద్ధి కారకం అని పేరు పెట్టారు. పీడీజీఎఫ్ అని పొట్టిగా పిలుస్తారు. 1983లో మరో సంగతి బయటపడింది. కోతుల్లో క్యాన్సర్ తెచ్చే ఒక వైరసు మోసుకుతిరిగే జన్యువు ఈ పీడీజీఎఫ్‌కు నకలులాంటిదని తేలింది. గాయం మాన్పడానికి కొద్ది రోజులు ఇవ్వాల్సిన "పెరగండి" అనే ఆజ్ఞ ఆగకుండా మోగితే క్యాన్సర్ అవుతుందని మొదటిసారి రుజువైంది. గత శతాబ్దపు జీవశాస్త్రంలో గొప్ప ఘట్టాల్లో ఇదొకటని నా అభిప్రాయం. ఇప్పుడు నగరాల్లో జుట్టుకూ, మోకాళ్ళకూ పీఆర్‌పీ (ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న ప్లాస్మా) అని ఇంజెక్షన్లు ఇస్తున్నారు కదా, అది ఈ ఆల్ఫా రేణువుల సారం మీద పెట్టుకున్న ఆశే. ఆధారాలు మిశ్రమంగా ఉన్నాయి, ధరలు మాత్రం గట్టిగా ఉన్నాయి. అడిగి తెలుసుకుని చేయించుకోవడం మంచిది.

ఈ సరుకు ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. ఆల్ఫా రేణువుల్లో పీఎఫ్4 అనే ప్రొటీన్ ఉంది. రక్తం పలచన కావడానికి ఇచ్చే హెపారిన్‌కు ఇది అంటుకుంటే, కొందరి ఒంట్లో ఆ జంట మీద యాంటీబాడీలు పుడతాయి. అవి ప్లేట్‌లెట్లను రెచ్చగొడతాయి. కౌంటు పడిపోతుంది, అదే సమయంలో గడ్డలు కడతాయి. 2021లో ఆస్ట్రాజెనెకా కోవిడ్ టీకా తీసుకున్నవాళ్ళలో అతి అరుదుగా మెదడు సిరల్లో గడ్డలు కనిపించినప్పుడు, హెపారిన్ జోలికి పోని ఆ మనుషుల రక్తంలోనూ పీఎఫ్4 మీదే యాంటీబాడీలు దొరికాయి. మన దేశంలో కోవిషీల్డ్ పేరుతో ఇచ్చింది అదే టీకా. కారణం ఇంత త్వరగా దొరికిందంటే, హెపారిన్ రోగులను ఏళ్ళ తరబడి చదివినవాళ్ళు ఉండబట్టే.

సారె లేకపోతే ఏమవుతుందో మొదట చూపించిన కథ ప్రేగ్ నగరంలోది. 1959లో హెర్మాన్‌స్కీ, పుడ్లాక్ అనే ఇద్దరు చెక్ డాక్టర్లు ఇద్దరు రోగుల గురించి రాశారు. ఇద్దరికీ పుట్టుకతోనే ఒంటికీ, జుట్టుకూ, కంటికీ రంగు లేదు. ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ రక్తం త్వరగా ఆగదు. చర్మపు రంగుకూ రక్తం ఆగకపోవడానికీ ఏం సంబంధం? జవాబు తరవాత దొరికింది. చర్మంలో రంగును నింపే మెలనిన్ సంచులూ, ప్లేట్‌లెట్‌లోని సాంద్ర రేణువులూ ఒకే కుటుంబానివి. రెండిటినీ కట్టే పనివాళ్ళు ఒకరే. ఆ పనివాళ్ళకు సంబంధించిన జన్యువుల్లో ఒకటి చెడితే ఒక చేత్తో రంగు పోతుంది, ఇంకో చేత్తో ఏడీపీ మూట పోతుంది. పోర్టోరీకో దీవి వాయవ్య భాగంలో ఈ జబ్బు ప్రతి 1,800 మందిలో ఒకరికి ఉంది. కొందరికి నడివయసులో ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. వీళ్ళ ప్లేట్‌లెట్ల కౌంటు మామూలుగానే ఉంటుంది.

ఆల్ఫా రేణువులు లేని జబ్బును 1971లో అమెరికాలో ఒక బాలుడిలో గుర్తించారు. ఇక్కడే రైట్ రంగు మళ్ళీ వస్తుంది. ఆ రంగు పూస్తే మామూలు ప్లేట్‌లెట్లో ఆల్ఫా రేణువులు ఊదా చుక్కలుగా తేలతాయి. ఆ బాలుడి ప్లేట్‌లెట్లు వెలిసిపోయిన బూడిద రంగులో, ఖాళీగా కనిపించాయి. అందుకే బూడిద ప్లేట్‌లెట్ల జబ్బు అన్నారు. 2011లో మూడు పరిశోధక బృందాలు ఒకేసారి దీనికి కారణమైన జన్యువును పట్టుకున్నాయి. దాని పేరు ఎన్‌బీఈఏఎల్2. ఈ జబ్బులో తల్లికణం సరుకు తయారుచేస్తుంది గాని సంచిలో బిగించి ఉంచలేదు. పీడీజీఎఫ్ లాంటివి మూలుగలోనే కారిపోతాయి. వయసు పెరిగే కొద్దీ మూలుగ నారగట్టిపోవడానికి అదే కారణమని భావిస్తున్నారు. బయట గాయాన్ని మాన్పాల్సిన సరుకు ఇంట్లో ఒలికిపోయి ఇంటినే పాడుచేస్తోంది.

సంచి ఉంది, సరుకూ ఉంది, కాని మూతి తెరుచుకోదు: ఇలాంటివాళ్ళూ ఉన్నారు. సంచి పొరా కణపు పొరా కలిసిపోవాలంటే రెండు వైపుల ప్రొటీన్లు పురిపెట్టిన తాళ్ళలా పెనవేసుకోవాలి. ఈ యంత్రాంగాన్ని ఈస్టులోనూ నాడీకణాల్లోనూ వివరించిన రాథ్‌మన్, షెక్‌మన్, స్యూడాఫ్‌లకు 2013లో నోబెల్ వచ్చింది. ప్లేట్‌లెట్‌లో పనిచేసేవి ఆ తాళ్ళ బంధువులే.

కౌంటు చూస్తే దొరకని ఈ లోపాలను పట్టేదెలా? బోర్న్ పద్ధతి ఒకటి. దానికి ఒక అందమైన జోడింపు 1970లలో వచ్చింది. మిణుగురు పురుగు తోక వెలగడానికి వాడే ఎంజైము ఏటీపీ తగిలితేనే వెలుగుతుంది. దాన్ని ప్లేట్‌లెట్లలో కలిపి, కొలాజెన్ వేసి చూస్తారు. సాంద్ర రేణువులు తెరుచుకుంటే ఏటీపీ బయటికొచ్చి మినుకుమని వెలుతురు వస్తుంది. సంచులు లేకపోతే చీకటే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద నల్లచుక్కలు లెక్కపెట్టడం మరో దారి. పెద్ద ఊళ్ళల్లోని పెద్ద ఆస్పత్రుల్లో తప్ప ఈ పరీక్షలు దొరకవు. ఈ జబ్బుల్లో చాలావాటికి అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు చెడ్డ ప్రతులు రావాలి. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన తెలుగునాట ఆ రెండూ కలిసే అవకాశం కూడా ఎక్కువ. అందుకే ఇక్కడి డాక్టర్లు వీటిని తరచుగా తలుచుకోవాలి.

సంచుల సంగతి తెలిశాక ఆస్పత్రిలో చూసే చిన్న చిన్న విషయాలకూ అర్థం తెలుస్తుంది. ప్లేట్‌లెట్లు ఇవ్వడానికి వెళ్తే "ఈ మధ్య ఆస్పిరిన్ వేసుకున్నారా?" అని ఎందుకు అడుగుతారు? ఆస్పిరిన్ కౌంటును తగ్గించదు. సంచులు తెరవమని పురమాయించే థ్రాంబోక్సేన్‌ను ఆపుతుంది. దాతలిచ్చిన ప్లేట్‌లెట్లను ఫ్రిజ్‌లో పెట్టకుండా 20 నుంచి 24 డిగ్రీల వేడిలో ఊపుతూ ఎందుకు ఉంచుతారు? చల్లబడితే వాటి ఆకారం మారిపోతుంది, ఎక్కించగానే కాలేయం వాటిని పట్టేస్తుంది. ఊపుతూ ఉంచినా సాధారణంగా 5 రోజులే. ఆ లోపలే కొంత సారె కారిపోతుంది. డెంగీలో రక్తస్రావం లేకుండా కౌంటు 10,000 పైన ఉంటే సాధారణంగా ఎక్కించనక్కర్లేదని మార్గదర్శకాలు చెబుతున్నాయి. డెంగీలో ప్రాణం తీసేది ఎక్కువగా నాళాల్లోంచి ప్లాస్మా కారిపోవడం. అంకె కోసం పరుగులు తీసే కుటుంబాలు బీపీనీ, మూత్రం వస్తోందా లేదా అన్నదీ, కడుపునొప్పినీ కూడా అంతే గట్టిగా కనిపెట్టి ఉండాలి.

చివరగా ఒక మనవి. మీ ఇంట్లో ఎవరికైనా ముక్కు నుంచి రక్తం తరచుగా కారుతుంటే, చిన్న దెబ్బకే ఒళ్ళు కమిలిపోతుంటే, నెలసరి వారం దాటినా ఆగకుండా గంటకో గుడ్డ మార్చాల్సి వస్తుంటే, పన్ను పీకినప్పుడో కాన్పప్పుడో రక్తం అతిగా పోయిందని అమ్మమ్మలు చెప్పుకుంటుంటే, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. కౌంటు బాగుందన్నా ఊరుకోకుండా, "ప్లేట్‌లెట్లు పనిచేస్తున్నాయో లేదో చూసే పరీక్ష చేయించాలా?" అని అడగండి. లోపం ముందే తెలిస్తే ఆపరేషన్‌కు ముందు డెస్మోప్రెసిన్, ట్రానెగ్జామిక్ ఆమ్లం లాంటి మందులతో, అవసరమైతే ప్లేట్‌లెట్లు ఎక్కించి రక్తాన్ని ఆపవచ్చు. ఆస్పిరిన్ లాంటి మాత్రలకు దూరంగా ఉండమని రాసి ఇస్తారు. ఆ కాగితం పర్సులో పెట్టుకోండి.